నాలుగు తీగలు, నలుగురు మనుషులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పడమటి దేశాల్లో ‘స్ట్రింగ్ క్వార్టెట్’ అనే మేళం ఉంది. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో. చేయి ఊపి నడిపించే నాయకుడు ఉండడు. ఒకరినొకరు వింటూ నలుగురూ నడవాలి. బీథోవెన్ 1826లో ముగించిన 14వ క్వార్టెట్‌లోని ఏడు భాగాలనూ ఆపకుండా వాయించాలి. సుమారు 40 నిమిషాలు. పాత గ్రామఫోను రికార్డుకు ఒక వైపు పట్టేది నాలుగైదు నిమిషాలే. అందుకే ఆ రచనను ముక్కలు చేసి రికార్డుల కెక్కించారు.

మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారూ (1893–1964) ఆ కొలతలోనే రాగాన్ని ఇమిడ్చారు. చూపు మందగించినా, పక్కవాద్యమైన వయొలిన్‌తో నిండు కచేరీలు చేశారు. విజయనగరం సంగీత కళాశాలకు అధ్యక్షులయ్యారు.

నేడు సత్తుపల్లి పిల్లవాడు ఈ సంగీతమంతా ఫోనులో వినగలడు. కమాను పట్టడం మాత్రం ఫోను నేర్పదు; గురువు పక్కన కూర్చోవాలి. రామదాసు పుట్టిన నేలకొండపల్లి మన జిల్లాదే. స్వర్ణోత్సవ గుర్తుగా బడికి నాలుగు వయొలిన్లు, వారానికి రెండు రోజులు పాఠం చెప్పే గురువు జీతం మన సంఘం భరించాలని కోరుతున్నాను. శిలాఫలకం తర్వాతైనా వేయించుకోవచ్చు.

సెలవు.