నిఘంటు నిర్మాణము — జయంతి రామయ్య పంతులుగారు



ద్రాక్షారామమునుండి కోటిపల్లికి పోయి, అచట గౌతమిని దాటినచో ఆవలిగట్టున ముక్తేశ్వరము కలదు. జయంతి రామయ్య పంతులుగారు 1860వ సంవత్సరమున ఆ గ్రామమందే జన్మించిరి. వారు డిప్యూటీ కలెక్టరుగా ప్రభుత్వోద్యోగము చేసినవారయ్యు, మనస్సు మాత్రము భాషయందే నిలిపిరి. 1911లో మదరాసున ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించి, తెలుగునకొక మహానిఘంటువును సమకూర్పబూనిరి. పిఠాపురము మహారాజులు సూర్యారావు బహద్దరువారు ధనసాహాయ్యము గావించుటచే దానికి సూర్యరాయాంధ్ర నిఘంటువని పేరు కలిగెను.

నిఘంటువనగా వట్టి మాటల పట్టిక కాదు. కావ్యములను పాదము పాదముగా జదివి, పదము నేరి, అర్థమును నిశ్చయించి, కవిప్రయోగమును జూపి, అకారాదిక్రమమున నిలుపవలెను. రసీదు లేని పద్దు లెక్కలో నిలువనట్లే, ప్రయోగము లేని యర్థము నిఘంటువున నిలువదు.

మొదటి సంపుటము 1936లో వెలువడునప్పటికి పంతులుగారికి ఇంచుమించు 75 ఏండ్లు. గ్రంథము పూర్తిగాకమునుపే 1941లో వారు దివంగతులైరి. తక్కిన సంపుటములను తరువాతి పండితులు సాగించి ముగించిరి.

దేశాంతరమునందును ఇట్టి చరిత్రమే కలదు. తారీఖు, వసూలు, హక్కు, కిస్తు అని మన గ్రామలెక్కలలో వాడు మాటలు అరబ్బీనుండి వచ్చినవి. ఆ భాషకు ఎడ్వర్డు విలియం లేన్ అను ఆంగ్లపండితుడు 1842లో నిఘంటురచన కుపక్రమించెను. మొదటిభాగ మచ్చగుటకు 1863వ సంవత్సరము వచ్చెను. 1876లో అతడు మరణించునాటికి పని ముగియలేదు. అతని సోదరి మనుమడు స్టాన్లీ లేన్ పూల్ మిగిలిన భాగములను 1893 నాటికి ప్రకటించెను.

పంతులుగారు గ్రాంథికభాషాపక్షమువారు. కావున రైతుల నోటనుండు మాటలనేకములు వారి నిఘంటువున చేరలేదు. అది కొరతయనుట న్యాయమే. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు ప్రకటించిన వ్యవసాయ పదకోశము ఆ కొరతను కొంత తీర్చెను. ఒకరు విడిచినదానిని వేరొకరు చేకొనుటయే విద్యకు వంశవృద్ధి.

ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకును ఇదియే ధర్మము. ఆరంభించినవారొకరు, నడుపువారొకరు. బీరువాలో తాళమువేసిన నిఘంటువు భద్రముగా నుండవచ్చును గాని, ఎవరి సందేహమును తీర్పజాలదు. ఏ బాలుడైనను ఒక పదమునకై దానిని తెరచినచో, ఆవలిగట్టున బుట్టిన ఆ వృద్ధుని పరిశ్రమ నాడు సఫలమగును. ఆ పుటలకు పట్టిన దుమ్మును దులుపుట మన వంతు.