నీళ్ల లెక్క సరే, తేట మాటేమిటి?

(మాచర్లలో నీటి సమస్యలపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సాగర్‌కు ఆవలి గట్టువాణ్ణి. నీళ్లు, నిధులు, నియామకాలు అని నినదించిన ఉద్యమంలో నడిచినవాణ్ణి. ఈ గట్టుకొచ్చి నీళ్ల గురించి మాట్లాడుతుంటే వాటాల పంచాయితీ పెడతాడేమో అని కొందరికి అనుమానం రావచ్చు. అందుకు రాలేదు. ఆ పంచాయితీలో రెండు వైపులా ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. అది చెప్పడానికి వచ్చాను.

కృష్ణలో ఉమ్మడి రాష్ట్రానికి బచావత్ ట్రిబ్యునల్ 811 టీఎంసీలు ఇచ్చింది. 2015లో దాన్ని ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని తాత్కాలికంగా పంచుకున్నారు. 2023 నవంబరు ఆఖరున సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. 26 గేట్లలో 13 ఎవరివి అన్న దాకా పోయింది సంగతి. ఇంత కొట్లాటలో ఒక్కరైనా అడిగారా, ఆ నీళ్లు ఎట్లా ఉన్నాయని? తాగేటట్టు ఉన్నాయా, చేప బతికేటట్టు ఉన్నాయా అని?

పల్నాడుకు నీటి విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ సీమ నీళ్ల కరువు మీద శ్రీనాథుడి పేరుతో చాటువులే ప్రచారంలో ఉన్నాయి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఆ కథ మారింది. ఇవాళ కుడి కాలువ పొలాలకే కాదు, మంచినీటి చెరువులకూ ఆధారం. కాలువ కట్టేసే ముందు చెరువులు నింపుకుంటారు. ఎండాకాలమంతా ఆ నిలవ నీళ్లే దిక్కు. ఆ నీళ్లు రానురాను పచ్చబడటం మీరు చూడనిది కాదు. ఎందుకు పచ్చబడతాయో, రేపు ఇంకా ఎందుకు పచ్చబడతాయో చెబుతాను.

ఎండ ముదిరితే వాతావరణ బులెటిన్‌లో ముందు వినపడేది మీ రెంటచింతల పేరే. ఆ ఎండకు చెరువు పైనీరు వేడెక్కి తేలికవుతుంది. అడుగునీరు చల్లగా, బరువుగా ఉంటుంది. లోతున్న చోట రెండూ కలవవు. పైన గాలి సోకుతున్నా ఆ ప్రాణవాయువు అడుక్కి దిగదు. అడుగున అది అయిపోయిందంటే, బురదలో ఏళ్ల తరబడి పేరుకున్న భాస్వరం తిరిగి నీళ్లలోకి వదులుతుంది. పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువు దీనికి తోడు. నాచుకు ఇంతకంటే విందు ఏముంది?

వేడి నీళ్లు ప్రాణవాయువును పట్టుకోలేవు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. నాచు పగలు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది. కాబట్టి తెల్లవారుజామున చెరువులో ఊపిరి అతి తక్కువ. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అప్పుడే. కొర్రమీను పైగాలి పీల్చి తట్టుకుంటుంది. బొచ్చె, శీలావతి చచ్చి తేలతాయి. వలవేసి బతికే ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు.

ఇంకో సంగతి. వేడికి బాగా పెరిగే నాచుల్లో నీలి ఆకుపచ్చ రకం ఉంది. దానిలో కొన్ని జాతులు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని వదులుతాయి. ఆ విషం నీళ్లు కాచినా పోదు. ‘కాచి తాగండి’ అని చెప్పి చేతులు దులుపుకునే అధికారులు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తేట పోయే దారి ఇంకొకటుంది, అది బురద. 2009లో వర్షాకాలం కరువుగా గడిచి, అక్టోబరు మొదట్లో వరద వచ్చి కర్నూలు మునిగింది. 2023లో సాగర్ నిండలేదు. 2024 ఆగస్టులో గేట్లు ఎత్తాల్సి వచ్చింది. ఏ ఒక్క ఏడాది వరదనూ వాతావరణ మార్పు ఖాతాలో వేయలేం. కానీ భూమి వేడెక్కే కొద్దీ కుండపోత వానలు పెరుగుతాయన్నది శాస్త్రం తేల్చిన మాట. కుండపోత వాన నేలను కోస్తుంది. పైమట్టి, ఎరువు కలిసి జలాశయంలోకి దిగుతాయి. సాగర్ సామర్థ్యం మొదట 408 టీఎంసీలు. పూడిక పోగా ఇప్పుడు చెప్పేది 312. లోతు తగ్గిన నీళ్లు త్వరగా వేడెక్కుతాయి. పైగా బురద పేరుకుని నీళ్లు తేరుకున్నాక ఎండ లోపలికి దిగుతుంది, వెంటనే నాచు అందుకుంటుంది. ముందు ఎరుపు, తర్వాత పచ్చ.

ఇది మన ఒక్కరి గోడు కాదు. ప్రపంచంలో 235 సరస్సుల లెక్కలు తీసి 2015లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. వేసవిలో వాటి పైనీరు సగటున పదేళ్లకు 0.34 డిగ్రీల చొప్పున వేడెక్కుతోంది.

అయితే అంతా ఎండదే తప్పు అంటే అది పాలకులకు మంచి సాకు అవుతుంది. హైదరాబాద్ నగరం సాగర్ నీళ్లు తాగుతుంది. ఆ నీళ్లే మురుగై మూసీలో కలిసి, వాడపల్లి దగ్గర కృష్ణలోకి దిగి, కింద పులిచింతలలో నిలుస్తాయి. పులిచింతల కోసం రెండు గట్ల ఊళ్లూ మునిగాయి. ఊళ్లు ముంచి కట్టుకున్న 45 టీఎంసీల జలాశయంలో మనం దాచుకునేది మంచినీళ్లా, మురుగు నీళ్లా? ఎండను మనం ఆపలేకపోవచ్చు. మురుగును ఆపవచ్చు. ఎండ పెరుగుతుందని తెలిసినప్పుడు మురుగును మరింత గట్టిగా ఆపాలి. వేడి నిప్పయితే మురుగు కిరసనాయిలు.

మట్టం రోజూ ప్రకటిస్తారు. ఇన్ని అడుగులు, ఇన్ని టీఎంసీలు, ఇన్ని క్యూసెక్కులు. నీటి వేడి ఎంత, తేట ఎంత అన్నది ఆ ప్రకటనలో ఉండదు. కాలుష్య నియంత్రణ మండళ్లు నమూనాలు తీస్తాయి, కానీ ఆ అంకెలు చెరువుగట్టు దాకా రావు. తాగే నీటిలో మడ్డి 1 యూనిట్ దాటకూడదనీ, వేరే దిక్కు లేకపోతే 5 దాకా సర్దుకోవచ్చనీ జాతీయ ప్రమాణం ఉంది. మీ ఊరి కుళాయి నీళ్లలో ఎంత ఉందో అడిగే హక్కు మీకుంది.

కాబట్టి రెండు గట్లవాళ్లం కలిసి అడగాల్సినవి ఇవి. ఒకటి, కృష్ణా బోర్డు మట్టంతో పాటు సాగర్, పులిచింతల నీటి వేడి, తేట, ప్రాణవాయువు అంకెలనూ ప్రకటించాలి. రెండు, శుద్ధి కాని చుక్క మురుగు కూడా మూసీ నుంచి కృష్ణలో కలవకూడదు. మూడు, మంచినీటి చెరువుల పూడిక తీసి లోతు పెంచాలి, పొలాల నీళ్లు అందులోకి రాకుండా కట్ట కట్టాలి, ఏప్రిల్, మే నెలల్లో నాచు విషానికి పరీక్ష చేయాలి. నాలుగు, ఊపిరాడక చేపలు చస్తే మత్స్యకారులకు పరిహారం ఇవ్వాలి.

ప్రభుత్వం కదిలేదాకా కూర్చోనక్కర్లేదు. 1865లో ఇటలీకి చెందిన సెకీ అనే మతగురువు ఒక తెల్లటి పళ్లెం సముద్రంలోకి దించి, అది ఎంత లోతులో కంటికి కనపడకుండా పోతుందో కొలిచాడు. శాస్త్రవేత్తలు ఇవాళ్టికీ సరస్సుల తేటను అట్లాగే కొలుస్తున్నారు. జానెడు వెడల్పు పళ్లెం, అడుగులు గుర్తుపెట్టిన తాడు, ఒక నోటు పుస్తకం చాలు. ఊరి బడి పిల్లలు పంతుల్ని వెంటబెట్టుకుని, వారానికి ఒకసారి ఒకే చోట, ఒకే వేళకు కొలిచి రాయాలి. రెండు వేసవులు గడిచేసరికి ఏ కలెక్టరూ పక్కన పెట్టలేని సాక్ష్యం మీ చేతిలో ఉంటుంది.

వాటా కోసం కొట్లాడదాం, అది న్యాయమే. కానీ కొట్లాడి తెచ్చుకున్న నీళ్లు బిడ్డకు తాగించలేకపోతే ఆ వాటా కాగితం మీద అంకెగానే మిగులుతుంది. నీళ్లు ఎన్ని అని అడిగిన గొంతుతోనే, ఎట్లాంటివి అని కూడా అడుగుదాం.