మాస్టారి పేరున ఉపకార వేతనం

(మందిర సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆదివారం బడిలో ఎన్నో ఏళ్లు బొమ్మలు నేర్పిన డ్రాయింగ్ మాస్టారు ఇక లేరు. ఆయన పేరున ఏటా ఒక విద్యార్థికి ఉపకార వేతనం ఇద్దామని కమిటీ ప్రతిపాదించింది. హాల్లో ఫోటో పెడితే చాలదా అని కొందరు అడిగారు. ఫోటో పెడదాం, దండా వేద్దాం. కానీ నేర్పిన మనిషి గోడ మీద కంటే పిల్లల చేతుల్లోనే ఎక్కువ కాలం బతుకుతాడు.

రాజమండ్రి సంగతి చూడండి. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దామెర్ల రామారావు అనే కుర్రవాడి బొమ్మలు చూసి వెన్నుతట్టారు. ఆ ప్రోత్సాహంతోనే ఆ కుర్రవాడు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. తిరిగొచ్చి తన ఊళ్లోనే చిత్రకళ నేర్పాడు. 1925లో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. భార్య సత్యవాణిగారు, మిత్రులు వరదా వెంకటరత్నంగారు ఆయన మొదలుపెట్టిన పనిని ఆగనివ్వలేదు. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఆ చిత్రాలు నేటికీ చూడవచ్చు.

అంత దూరం ఎందుకు? మన ఆక్లండ్‌లోని ఎలామ్ స్కూల్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ 1890లో మొదలైంది డాక్టర్ జాన్ ఎలామ్ వీలునామాలో రాసిపోయిన సొమ్ముతోనే. ఆ డాక్టరుగారి ముఖం మనలో ఎంతమందికి తెలుసు? ఆ బడిలో చదివిన పిల్లలు మాత్రం తరతరాలుగా వస్తూనే ఉన్నారు.

ఇక అసలు ప్రశ్న: ఎవరికి ఇవ్వాలి? పోటీ పెట్టి మొదటి బహుమతిగా ఇద్దామన్నారు కొందరు. నా మనవి వేరు. బాగా గీసే పిల్లలకు మెప్పు ఎలాగూ దొరుకుతుంది. ఎన్‌సీఈఏ లెవెల్ 3లో పెయింటింగ్ తీసుకున్నవారు పోర్ట్‌ఫోలియో కోసం మూడు పెద్ద బోర్డులు నింపాలి. రంగులు, కాగితాలు, కాన్వాసులు ఊరికే రావు. ఖర్చు చూసుకుని, ఇంట్లో అడగలేక, ఆర్ట్ వదిలేద్దామనుకునే పిల్లవాడో పిల్లో ఉంటే ఈ డబ్బు వారికి చేరాలి. అడిగినవారి పేరు కమిటీ గడప దాటకూడదు.

తల్లిదండ్రులకు ఒక మాట. సబ్జెక్టులు ఎంచుకునే రోజున “బొమ్మలు కూడు పెడతాయా” అనకండి. చందా ఇవ్వగలిగినవారు ఇవ్వండి; ఇవ్వలేనివారు ఆ ఒక్క మాట మానుకున్నా మాస్టారి రుణం కొంత తీరినట్లే.

ఈ ప్రతిపాదనకు మీరంతా చేతులెత్తి మద్దతు ఇవ్వాలని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.