పడవ అడుగున ఎలుకలు



పట్నంలో అద్దెవాటాలో ఉండేవాళ్ళం, మాకు పడవ గొడవ ఎందుకమ్మా అని నవ్వుకుంటున్నారా? నేనూ ఒకప్పుడు అలాగే నవ్వాను.

కోనసీమలో మా పిన్నిగారికి చిన్న గూడుపడవ ఉంది. లంకలోంచి కొబ్బరికాయలు, అరటిగెలలు తెచ్చుకోవడానికి. ఓ వానాకాలం మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, ఆ పడవలో చేరిన నీళ్ళు తోడాడు. చెప్పుల్లేని కాళ్ళు, పగిలిన మడమలు. పదిరోజులకు జ్వరం పట్టుకుంది. పిక్కలు ఒకటే నొప్పి, కళ్ళు ఎర్రగా చింతనిప్పులు! మూడు రోజులు మిరియాల కషాయంతో సరిపెట్టారు. తీరా ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "ఎలుకలు తిరిగే నీళ్ళలో దిగాడా?" అని. లెప్టోస్పైరోసిస్ అన్నారు. ఎలుక మూత్రం కలిసిన నీటి ద్వారా, ఒంటిమీద గాట్లలోంచి లోపలికి పోతుందట. మందులు పడ్డాయి, పిల్లాడు బతికాడు.

తర్వాత మా బాబాయిగారు ఎలుకల మందు పెడతానన్నారు. పిన్ని ఒప్పుకోలేదు. మందు తిన్న ఎలుక పలకల కింద చస్తే ఆ కంపు ఎవరు భరిస్తారు? ముందు పలకలు ఎత్తించింది. అబ్బ, ఏముందనుకున్నారు! కొబ్బరిపీచు, ఎండుటాకులు, చేపపొలుసులు, ఎప్పటివో అన్నం మెతుకులు. పడవ పక్కటెముకల అడుగున నీళ్ళు పారడానికి చిన్న కన్నాలుంటాయి. చెత్తతో అవన్నీ మూసుకుపోయి ఎక్కడి నీళ్ళు అక్కడే మురిగాయి. ఎలుకకు గూడు, తిండి, నీళ్ళు మనమే అమర్చిపెట్టామన్నమాట.

ఎలుక పెంటికలను పొడిగా ఊడవకండి, దుమ్ము లేస్తుంది. బకెట్టు నీళ్ళలో బ్లీచింగ్ పౌడరు కలిపి చల్లి, పావుగంట ఆగాలి. ఆ తర్వాత రబ్బరు తొడుగులు, బూట్లు వేసుకుని ఎత్తాలి. ఆ నీళ్ళలో యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు పుడుతుంది. చివర్న మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే మేకులు తుప్పు పడతాయి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు పడవ ఒడ్డుకెక్కుతుంది చూడండి, ఈ పనికి అదే అదను. పలకలన్నీ ఎండలో వేసెయ్యొచ్చు.

బొద్దింకలకు బోరిక్ పౌడరు, గోధుమపిండి, పంచదార సమంగా కలిపి ఉండలు చేసి సందుల్లో పెట్టింది. పసిపిల్లల చేతికి అందితే ప్రమాదం సుమండీ. ఎలుకలకు బోనే పెట్టింది, ఎండుచేప ముక్క గుచ్చి.

ఇంత చేసినా మర్నాటికి మళ్ళీ ఓ ఎలుక! ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? ఒడ్డునున్న చెట్టుకు కట్టిన తాడు మీంచి. ఓడరేవుల్లో పెద్ద ఓడల తాళ్ళకు గుండ్రటి రేకులు తగిలిస్తారు, అవి దాటి ఎలుక పాకలేదు. పిన్ని పాత డబ్బారేకు పళ్ళెమంత కత్తిరించి, మధ్య కన్నం పెట్టి తాడుకు దూర్చింది. ఒడ్డు నుంచి పడవలోకి వేసే బల్లను కూడా రాత్రిళ్ళు తీసెయ్యమంది.

"పడవకు పళ్ళెం కట్టావేంటమ్మా?" అని రేవులో అందరూ ఆటపట్టించారు. మొన్న సంక్రాంతికి వెళ్తే అదే రేవులో ఇంకో నాలుగు పడవలకు పళ్ళేలు కనిపించాయి. ఒకరైతే దానికి ఎర్రరంగు కూడా వేయించారు!