బార్‌లో టిప్పు ఎంత? ఎవరి చేతికి?

అద్దంకి నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు టాపిక్ బార్‌లో టిప్పు.

మన ఊళ్లలో మందు, సోడా, స్టఫ్ టేబుల్ దగ్గరికి తెచ్చేది బేరర్. టిప్పు ఆయనకే. బిల్లులో పదో వంతు ఇస్తే మర్యాద అని నా లెక్క. 800 అయితే 80. ఇప్పుడందరం ఫోన్‌పే కొడుతున్నాం కదా, గోడ మీది క్యూఆర్‌కి టిప్పు కలిపి కొడితే అది ఓనర్ ఖాతాలో పడుతుంది. అక్కణ్నుంచి బేరర్‌కి చేరుతుందో లేదో మనకెలా తెలుస్తుంది? అందుకే జేబులో కొంచెం చిల్లర ఉంచుకోండి, చేతికే ఇవ్వండి.

హైదరాబాద్ వెళ్తే బిల్లులో సర్వీస్ ఛార్జ్ ఉందేమో చూడండి. అది ప్రభుత్వ పన్ను కాదు. బలవంతంగా వేయకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. తీసెయ్యమని నెమ్మదిగా అడగండి. తీశాక బేరర్‌ని మాత్రం మర్చిపోకండి.

డల్లాస్ వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! టెక్సాస్‌లో టిప్పులొచ్చే పనివాళ్లకి ఓనర్ గంటకి 2.13 డాలర్లిస్తే చాలు. టిప్పుతో కలిపి 7.25 రాకపోతేనే మిగతాది ఆయన వేయాలి. అంటే అక్కడ టిప్పే జీతం. గ్లాసుకి ఒకటి రెండు డాలర్లు, లేదా బిల్లులో 15 నుంచి 20 శాతం ఇవ్వాల్సిందే.

చివరిగా ఒక్క మాట. చిటికెలేసి ‘ఒరేయ్’ అని పిలిచి, వెళ్లేటప్పుడు వంద ఇస్తే ఆ మాట మాసిపోదు. ‘అన్నా’ అని పిలవండి. దానికి ఖర్చేం లేదు.

మీరెంత ఇస్తారో కామెంట్‌లో చెప్పండి. తాగితే బండి తీయకండి. ఉంటాను!