వెలయు మర్యాదయు



సంస్కృతము చెప్పుకొని జీవించిన ముసలి పంతులునకు మోటారుకార్ల వ్యాపారముతో నేమి పని యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. విషయమును నా యిష్టమునకే విడిచిన కార్యదర్శిగారు కూడ నవ్విరి. అయినను ఈ సభయందు దుకాణదారులును, మోటారు పనివారును, చిన్న కార్ఖానాలు నడుపువారును పెక్కండ్రు గలరు. వారందఱను ఎప్పుడో యొకప్పుడు బాధించు ప్రశ్న యొకటి కలదు. బజారు మందగించినప్పుడు, ప్రక్క వీథిలో మనకంటె తక్కువ వెలకు అమ్మువాడు దుకాణము తెఱచినప్పుడు, పేరు గల పాత యిల్లు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు ఐరోపాఖండమునందలి కార్ల కంపెనీలు ఇరువది యేండ్లుగా తమ చేతలతో సమాధానములు చెప్పుచున్నవి. వానిలో కొన్ని ఫలించినవి, కొన్ని ముంచినవి. వానిని విచారించుట మనకు వృథా కాదు.

విషయములోనికి పోవుటకు ముందొక శబ్దవిచారము. అది నా వృత్తిదోషముగా మన్నింతురు గాక. అమరకోశమున అర్ఘ శబ్దమునకు రెండర్థములు చెప్పబడినవి. ఒకటి వెల, రెండవది పూజావిధి. అతిథి కిచ్చు అర్ఘ్యము ఈ శబ్దమునుండి వచ్చినదే. వెలయు గౌరవమును ఒక్క మాటలో నిమిడియున్నవి. మన తెలుగులోనో, చౌక వేఱు, చులకన వేఱు. వస్తువు చౌక కావచ్చును గాని చులకన కారాదు. ఈ భేదమును గ్రహించిన కంపెనీలు నిలిచినవి, గ్రహింపనివి నష్టపడినవి. నేను చెప్పదలచినది ఇంతియే. తక్కినదంతయు దీనికి దృష్టాంతము.

ముందు బజారు సంగతి వినుడు. ఐరోపా కూటమి దేశములలో 2007వ సంవత్సరమున సుమారు ఒక కోటి 55 లక్షల క్రొత్త కార్లు అమ్ముడుపోయినవి. 2008లో ధనవ్యవస్థ కూలిన పిదప గిరాకీ యేటేట క్షీణించి 2013 నాటికి ఒక కోటి 18 లక్షలకు దిగినది. కార్ఖానా యనునది సత్రము వంటిది. అతిథులు పదిమంది వచ్చినను నూఱుమంది వచ్చినను కట్టడపు ఖర్చు, వంటవారి జీతము తప్పవు. సగము పని చేయు కార్ఖానా, అమ్మిన ప్రతి బండిమీదను నష్టమునే తెచ్చును. ప్యూజో సిట్రోయెన్ కంపెనీ 2012వ సంవత్సరమున ఐదువందల కోట్ల యూరోలు నష్టపడి, పారిసు చెంతనున్న ఓల్నే కార్ఖానాను 2013లో మూసివేసెను. 2014లో ఫ్రెంచి ప్రభుత్వమును, చీనా దేశపు డాంగ్‌ఫెంగ్ కంపెనీయు చెఱియొక 14 పాళ్లు కొని దానిని నిలువబెట్టినవి. అదే సంవత్సరమున జర్మనీలో బోఖుం పట్టణపు ఓపెల్ కార్ఖానాయు, బెల్జియములో గెంక్ పట్టణపు ఫోర్డు కార్ఖానాయు మూతపడినవి. తరతరములుగా ఆ కార్ఖానాలనే నమ్ముకొనిన కుటుంబములు వీథిని పడినవి. కావున ఇది లాభనష్టముల లెక్క మాత్రమే కాదు. కూటికి సంబంధించిన మాట.

ఇట్టి కాలమున పెద్ద కంపెనీలు మొదట పట్టిన మార్గము తగ్గింపు. అచ్చువేసిన వెల యొకటి, చేతికిచ్చు వెల యొకటి. ఏజెంట్లు అమ్ముడుపోని బండ్లను తమ పేరనే రిజిస్టరు చేసికొని, మఱునాడే వాడిన బండ్ల లెక్కలో చేర్చి తక్కువ వెలకు విడుచుటయు నుండెను. బండి కదలిపోయినది, నిజమే. కాని ఫలమేమి? నిన్న పూర్తి వెల యిచ్చినవాడు తాను మోసపోతినని తలచెను. క్రొత్తబండి వెల జాఱుటతో పాతబండి వెలయు జాఱెను. రేపు కొనదలచినవాడు ఇంకను తగ్గునేమో యని కాచుకొనెను. ఇచ్చట తగ్గినది వెల మాత్రమే కాదు. అర్ఘ శబ్దపు రెండవ యర్థము కూడ తగ్గినది.

రెండవ మార్గము అన్యుని పేరు తెచ్చి అమ్ముట. అమెరికా దేశపు జనరల్ మోటార్సు, కొరియాలోని డేవూ కంపెనీ బండ్లకు షెవ్రొలే యను పేరు పెట్టి 2005 మొదలు ఐరోపాలో చౌకగా అమ్మెను. అప్పటికే ఆ ఖండమున దానికి ఓపెల్ అను సొంత పేరు కలదు. ఇంటివారిద్దఱు ఒక వీథిలో దుకాణములు పెట్టి యొకరి బేరము నొకరు లాగికొనినట్లాయెను. 2015 తుదికి షెవ్రొలే సామాన్యపు బండ్ల అమ్మకమును ఐరోపాలో విరమింతుమని 2013లో వారే ప్రకటించిరి.

మూడవ మార్గము ఫ్రాన్సు దేశపు రెనో కంపెనీది. దాని నాటి అధ్యక్షుడు లూయీ ష్వైట్జర్. ఆఫ్రికాలో వైద్యసేవ చేసి నోబెల్ శాంతి బహుమానము నందిన ఆల్బర్ట్ ష్వైట్జర్ ఈయన తాతవరుస వాడు. ఈయన 1997లో రుష్యాదేశమునకు పోయినప్పుడు, మోటుగానున్నను లాడా బండ్లు విరివిగా అమ్ముడగుటను, తన కంపెనీ సొగసైన బండ్లు అమ్ముడుపోకుండుటను చూచెను. ఐదువేల యూరోలకు నమ్మదగిన కారును చేయలేమా యని సంకల్పించెను. 1999లో రుమేనియా దేశపు డాచియా కంపెనీని రెనో కొనెను. 2004లో లోగన్ అను బండి వెలువడెను.

ఈ బండిలోని విశేషము వినదగినది. దీనిని ఘనమైన బండిగా చేసి పిమ్మట తగ్గించి అమ్మలేదు. తొలి గీతయందే వెలను నిర్ణయించుకొని ఆ వెలకు లోబడునట్లు బండిని గీసిరి. కుడియెడమల చూపుటద్దములు రెండును ఒకే అచ్చులోనివి. చక్రము వెనుకనుండు ముందు పలక ఒకే ముక్కగా పోసినది. ముందరి అద్దమున వంపు తక్కువ. యంత్రభాగములు రెనో ఇతర బండ్లలో చిరకాలము పరీక్షింపబడినవి. అమ్ముటకు వేఱుగా భవనములు కట్టక రెనో దుకాణములలోనే చోటిచ్చిరి. అన్నింటికంటె ముఖ్యమైనది, బేరము లేదు. వ్రాసిన వెలయే వెల. కొనువాడు మొదటనే తక్కువ చెల్లించెను గనుక రేపు మఱియొకని కింకను తగ్గింతురను దిగులు వానికి లేదు. చౌకబండిని కొనుట తెలివికి గుఱుతాయెను గాని లేమికి గుఱుతు కాలేదు.

ఈ బండి పేదదేశములకని పుట్టినది. కాని ఫ్రాన్సువారే తమకును కావలెనని యడుగగా 2005లో అచ్చట సుమారు 7,500 యూరోలకు అమ్మకమునకు పెట్టిరి. జర్మనీ ప్రభుత్వము 2009లో తొమ్మిదేండ్లు మీఱిన బండిని తుక్కునకిచ్చి క్రొత్తది కొనువారికి 2,500 యూరోలు బహూకరించెను. లెక్క చూడుడు: 25,000ల బండికి అది పదవవంతు, 7,500ల బండికి మూడవవంతు. చౌకబండ్లవైపు జనము తిరుగుటలో వింత యేమున్నది? 2008లో సాండెరోయు, 2010లో డస్టరును దాని వెంట వచ్చెను. 2024వ సంవత్సరమున ఐరోపా యంతట మిక్కిలిగా అమ్ముడైన కారు ఈ చిన్న యింటి సాండెరోయే.

తమ్ముడెదిగిన పిదప అన్న యేమి చేయవలెను? రెనో 2021లో తన విధానమును ప్రకటించుచు, ఇక బండ్ల సంఖ్యను గాక బండిమీది రాబడిని చూచుకొందుమని చెప్పెను. చౌకపనిని డాచియాకు విడిచి తాను పైమెట్టునకు జరిగెను. జర్మనీలోని ఫోక్స్‌వాగన్ కూడ 1991లో చెకోస్లొవేకియా నాటి స్కోడా కంపెనీలో పాలు గొని, తన యంత్రాంగమునే దానికిచ్చి, అన్నదమ్ములకు వేఱువేఱు వాకిండ్లు పెట్టెను. అయితే తమ్ముని వస్తువు మఱీ బాగుండిన అన్న బేరమే తఱుగును. ఆ పొలిమేర గీయుటలోనే యజమాని నేర్పున్నది.

ఇక మన దేశమునకు వత్తము. లోగన్ 2007లో మహీంద్రా కంపెనీ పొత్తుతో ఇచ్చటికి వచ్చెను గాని రాణింపలేదు. నాలుగు మీటర్లలోపు బండ్లకు మన ప్రభుత్వము పన్ను తగ్గించియుండగా, లోగన్ ఆ కొలతను మించినది. ఐరోపాలో చౌకయైనది ఇచ్చట చౌక కాలేదు. టాటావారు లక్షరూపాయల కారని 2008లో చూపి, 2009లో నానో నమ్మకమునకు తెచ్చిరి. అందలి కల్పన సామాన్యమైనది కాదు. కాని లోకములోనెల్ల చౌకయైన కారను బిరుదే దానికి చేటు తెచ్చెను. మొదటిసారి కారు కొను గృహస్థుడు వాహనమును మాత్రమే కొనడు. వీథిలో తలయెత్తి నడుచుటను గూడ కొనును. చౌక యను మాట చులకనగా మాఱెను. 2018లో నానో నిర్మాణము నిలిచిపోయెను.

ఈ పాఠముతో రెనోవారు చెన్నపురి చెంతనున్న ఒరగడంలో క్విడ్ అను చిన్నబండిని చేసి 2015లో రెండు లక్షల 57వేల వెలతో విడిచిరి. దానిని కొండలెక్కు బలిష్ఠపు బండివలె తీర్చిరి. దాని కుదురునుండియే చీనాలో చేయబడు డాచియా స్ప్రింగ్ అను విద్యుత్తుకారు పుట్టి 2021లో ఐరోపాకు చేరెను. మన యొరగడంలో నాటిన మొక్క యంత దూరము ప్రాకినదన్నమాట.

అయినను ఇచ్చట మెచ్చికోలు ఆపవలెను. ప్రమాదపరీక్షయందు క్విడ్‌కు 2016లో సున్న నక్షత్రములు వచ్చినవి. ఐరోపా పరీక్షలలో 2021వ సంవత్సరమున స్ప్రింగ్‌కు ఒకటి, సాండెరోకు రెండు నక్షత్రములే వచ్చినవి. అద్దపు వంపు తగ్గించుట మితవ్యయము. ప్రాణరక్షణ తగ్గించుట మితవ్యయము కాదు. కొనువాడు పేదవాడైనంత మాత్రమున వాని బిడ్డ ప్రాణము చౌక కాదు గదా! నానోతో దెబ్బతిన్న టాటావారే 2018లో నెక్సాన్ బండికి ఐదు నక్షత్రములు సాధించి, రక్షణము పేరు చెప్పి జనుల గౌరవమును మఱల సంపాదించిరి. ఇదియు మఱువరాదు.

ఇప్పుడు పోరు క్రొత్తరూపము తాల్చినది. బ్రిటను వేఱైన పిమ్మటి ఐరోపా కూటమిలో 2019లో ఒక కోటి 30 లక్షలున్న క్రొత్తకార్లు 2024లో ఒక కోటి ఆఱు లక్షలుగానే యుండెను. ఆ తక్కువ బజారులోనికే చీనా విద్యుత్తుకార్లు వచ్చిపడినవి. కూటమి 2024 అక్టోబరులో వానిపై కంపెనీనిబట్టి నూటికి 35 వఱకు అదనపు సుంకము విధించెను. బి.వై.డి. కంపెనీ హంగరీలో కార్ఖానా కట్టుదునని 2023లోనే ప్రకటించెను. వాకిలి మూసిన పెరటిదారి కలదు. స్టెల్లాంటిస్ కంపెనీయో 2023లో చీనా దేశపు లీప్‌మోటారులో 150 కోట్ల యూరోలు పెట్టి, పగవానిని చుట్టమును చేసికొనెను. ఫోక్స్‌వాగన్ 2030 నాటికి జర్మనీలో 35,000 కొలువులు తగ్గించుటకు 2024 డిసెంబరులో పనివారి సంఘముతో నొడంబడిక చేసికొనెను. బలవంతముగా తీసివేయుట మాత్రము లేదు. సుంకము కొంతకాలము గొడుగు కాగలదు గాని యిల్లు కాజాలదు.

సోదరులారా! ఈ కథలనుండి వర్తకుడు కొంచుబోదగినవి మూడు గలవు. తక్కువ వెలకు అమ్మదలచినచో ఆ తక్కువను పని మొదటనే కూర్చుకొనవలెను, చివర కోయరాదు. చెప్పిన వెలపై నిలువవలెను. నేడొకనికి రేపొకనికి మార్చరాదు. ఏది వదలిన కొనువాని మర్యాదకును ప్రాణమునకును లోటు రాదో దానినే వదలవలెను. ఈ మూడును పాటింపక బేరము తగ్గినదని చౌకవానిని తిట్టుచు కూర్చున్న పాతయిల్లు, ఎంత పేరుగలదైనను నిలువజాలదు. మన బిడ్డలలో వర్తకమునకు దిగువారు, యంత్రవిద్య నేర్చువారు ఈ మాటలను తమ లెక్కలతో సరిచూచుకొందురు గాక.