కొయ్యూరులో ఒక మరణము - రెండు కథనములు

1924వ సంవత్సరము మే 7వ తేదీన మన్యములోని మంప గ్రామమువద్ద అల్లూరి సీతారామరాజు పట్టువడెను. అదే దినమున కొయ్యూరులో తుపాకి గుండ్లకు మరణించెను. ఈ రెండు వాక్యములయందును వివాదము లేదు. వీనినడుమ గడచిన కొద్ది గంటలలో జరిగిన దేమనునదే వివాదము.

నాటి ప్రభుత్వము చెప్పిన దిది: ఖైదీ తప్పించుకొని పారిపోవుటకు ప్రయత్నించెను గనుక కాల్చవలసివచ్చెను. జనులు చెప్పుకొన్నది వేరు: మేజర్ గుడాల్ ఉత్తరువుమీద ఆయనను చెట్టునకు గట్టి, విచారణ యనునది లేకయే కాల్చివేసిరి. మొదటిది నిజమైనచో అది పోరాటములో సంభవించిన మరణము. రెండవది నిజమైనచో చేతజిక్కిన బందీని చంపుట. ఇంతటి భేద మున్నప్పుడు, ఏ కథ మన మనస్సునకు నచ్చునో దానిని నమ్మి యూరకుండుట తగదు.

పూడిమడకవంటి సముద్రతీర గ్రామములలో నివసించు శ్రోతలకు ఈ చిక్కు క్రొత్తది కాదు. వేటకు వెళ్లిన పడవ ఒక మనిషిని పోగొట్టుకొని తిరిగివచ్చినపుడు, ముందు కూర్చున్నవాడొక తీరున, వెనుక చుక్కాని పట్టినవాడొక తీరున చెప్పుదురు. ఇరువురును అబద్ధమాడుచున్నారని కాదు. అట్టివేళ పెద్దలు మొదట అడుగునది, ఎవడు ఎచ్చట నుండెను అని. పిమ్మట అడుగునది, ఈ మాటవలన ఎవనికి రక్షణ కలుగును అని. కొయ్యూరు విషయములోను ఈ రెండు ప్రశ్నలే మనకు పనికివచ్చును.

ప్రభుత్వ కథనమునకు సాక్షులు ఎవరు? ఆ దినమున తుపాకులు పట్టుకొని నిలిచినవారే. రెండవ పక్షమున నోరు విప్పగలవాడు ఒక్కడే, అతడు మరణించినవాడు. ఇక రక్షణ మాట. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 46వ సెక్షను అరెస్టునకు లోబడక ఎదిరించువానిమీద బలప్రయోగమును అనుమతించినది. అయితే మరణశిక్షగాని యావజ్జీవ ద్వీపాంతరవాసముగాని పడదగిన నేరము మోపబడనివానిని చంపు హక్కు దానివలన లభింపదని స్పష్టముగా చెప్పినది. ప్రభుత్వముపై యుద్ధము చేయుట అట్టి పెద్దనేరమే. కావున పారిపోవుచుండగా కాల్చితిమనిన మాటకు చట్టములో తలదాచుకొను చోటున్నది. కట్టుబడియున్న వానిని కాల్చితిమనినచో ఏ సెక్షనును కాపాడలేదు. అనగా ‘పారిపోవుట’ అను మాట కేవల వర్ణన కాదు. అది ఒక సంజాయిషీ. సంజాయిషీ అబద్ధమే కానక్కరలేదు గాని, దానిని సాక్ష్యముగా గ్రహించునపుడు తూనికరాయి కొంత మార్చుకొనవలెను.

పట్టుబడిన విధమునుగూర్చి కూడ రెండు కథనములున్నవి. పోలీసు బలగము తెల్లవారుజామున చుట్టుముట్టి పట్టుకొన్నదని ఒకటి. మన్యప్రజలను సైనికులు పెట్టుచున్న హింస మాన్పుటకై రాజు తానుండు చోటును తానే తెలియజేసి లొంగిపోయెనని మరియొకటి. ఈ రెండవది సత్యమైనచో, ఉదయమున తన్ను తాను అప్పగించుకొన్నవాడు మరల కొద్ది గంటలకే నిరాయుధుడై, ఆయుధపాణులనడుమ నుండి పరుగెత్తుట నమ్మశక్యము కాదు. మొదటిది సత్యమైనను, అంత శ్రమపడి పట్టుకొన్నవానిని పరుగెత్తగల స్థితిలో నుంచుట సైనికులకు తగిన పని కాదు. ఎటు చూచినను ప్రభుత్వపు మాటకే ఎక్కువ రుజువు కావలసియున్నది.

మరియొక సంగతి. రాజు అనుచరుడగు గాము మల్లుదొర అంతకు పూర్వమే పట్టుబడెను. ఆయనను కాల్చలేదు, శిక్ష విధించి అండమానునకు పంపిరి. ఆయన జీవించి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. అనగా విచారణ జరుపు యంత్రాంగము ఆనాడు లేకపోలేదు. అనుచరునికి లభించిన న్యాయస్థానము నాయకునికి లభింపలేదు. ఈ వ్యత్యాసము నా దృష్టిలో చెట్టు కథకంటె బలవత్తరమైన సాక్ష్యము.

అట్లని జనశ్రుతిని యథాతథముగా స్వీకరింపవచ్చునా? అదియు పెరిగినది. గుండు పేల్చినవాడు గుడాలేయని కొందరు, సిపాయిలని కొందరు. రాజు మరణింపనే లేదని, చంపబడినవాడు వేరొకడని చాలకాలము నమ్మినవారును కలరు. మృతదేహమునకు తీసిన ఛాయాచిత్రము ఆ వదంతికి సమాధానము చెప్పుచున్నది. కాని ఛాయాచిత్రము మరణించినవాడెవడో చూపును. ఏ రీతి మరణించెనో చూపదు. 1974లో వచ్చిన చలనచిత్రము తరువాత ఎందరికో వెండితెరపై కన్నదే చరిత్రయైనది. అది నటుల తప్పు కాదు, మన కన్నుల బలహీనత.

ఆసుపత్రియు వైద్యులును ఉన్నచోట ఇట్టి తికమక యుండదని తలంపవచ్చును. 1963 నవంబరు 22వ తేదీన అమెరికా అధ్యక్షుడు కెన్నెడీని డల్లాసులోని పార్క్‌లాండు ఆసుపత్రికి చేర్చిరి. శ్వాస ఆడుటకై వైద్యులు కంఠముమీది గాయముగుండనే కోతకోసి గొట్టము పెట్టిరి. అది గుండు లోనికి దూరిన గాయమువలె కనబడినదని ఆ దినముననే పత్రికలవారితో చెప్పిరి. ఆ రాత్రి బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో శవపరీక్ష జరిపిన వైద్యులకు కోతయే కనబడెను గాని, దాని క్రింద గాయ మొకటి యుండెనని మరునాడు టెలిఫోనులో గాని తెలియలేదు. 1964లో వారెన్ కమిషను అది గుండు బయటికి వచ్చిన గాయమని తేల్చెను. ప్రాణము నిలుపుటకు చేసిన పనియే సాక్ష్యమును చెరిపివేసెను. అయినను అచ్చట గాయమును చూచిన వైద్యులు ఉభయత్ర ఉండిరి. వారిని పేరుపేరున పిలిచి ప్రశ్నించిరి. కొయ్యూరులో అట్టి ప్రశ్నకు నిలిచినవారు లేరు.

నా మట్టుకు నేను ఇంతవరకు చెప్పగలను: రాజు ప్రాణములతో ప్రభుత్వమువారి చేతికి చిక్కెను, వారి చేతిలో నుండగనే, తీర్పు లేక, చంపబడెను. ఇది ఉభయ కథనములును అంగీకరించునది. పారిపోయెననుట నమ్మదగినది కాదు. చెట్టునకు గట్టిరనుట నమ్మదగినదే యైనను, గుండు ఎవరు పేల్చిరనుట యందు జనశ్రుతి తనలో తానే ఏకీభవింపలేదు గనుక దానిని అంతవరకే గ్రహింపవలెను.

ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. 1922 ఆగస్టులో ఆయన వరుసగా దాడిచేసిన మూడు పోలీసు స్టేషనులలో ఆ ఊరిదొకటి. 2022లో జిల్లాల విభజన జరిగిన పిమ్మట కృష్ణదేవిపేటయు, పూడిమడకయు ఒకే అనకాపల్లి జిల్లాలో చేరినవి. మంప, కొయ్యూరు గ్రామములు అల్లూరి పేరిటి జిల్లాలో నున్నవి. మంపనుండి బయలుదేరి, కొయ్యూరుమీదుగా కృష్ణదేవిపేట చేరువారికి ఆ దినపు త్రోవ యంతయు కాలిక్రిందనే యుండును.